బడి పుస్తకాలకు చీటీలు, అరలు: మా పేటలో జరిగిన పని
(వార్షికోత్సవ సభలో సహకార సంఘం కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)

 

సహకార సంఘం సెక్రటరీలం కాబట్టి నూలు ధర గురించో, రావలసిన రిబేటు గురించో మాట్లాడుతామని మీరు అనుకొని ఉంటరు. ఆ గోస ఏ సభలోనైనా ఉండేదే. పొద్దున మాట్లాడిన వాళ్లు దాన్ని బాగానే చెప్పిన్రు. మేము మా పేటలోని ఒక బడి గ్రంథాలయం గురించి చెప్తాం. పుస్తకాలకు చీటీలు అంటించి అరలలో సర్దిన పని అది. బడి పేరు చెప్పం, ఎవరినీ వేలెత్తి చూపడానికి రాలేదు.

భివండి నుంచి, సూరత్ నుంచి వచ్చిన బంధువులకు షోలాపూర్ సంగతి కొంచెం చెప్పాలె. మన తాత ముత్తాతలు కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు దిక్కు నుంచి కరువుకు తాళలేక పడుగు పేక చుట్టుకొని ఇక్కడికి వచ్చిన్రు. సాఖర్ పేట, దాజీ పేట, భద్రావతి పేట, అశోక్ చౌక్ ఎక్కడ నిలబడ్డా చెవిన పడేది తెలుగే. అయితే పిల్లల చదువు మరాఠీలో. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, పక్క గల్లీలో కన్నడ, బజారులో ఉర్దూ. మా పిల్లల నోటికి తెలుగు ఉన్నది, కంటికి తెలుగు లేదు. అమ్మమ్మతో గడగడా మాట్లాడే పిల్ల ముందర తెలుగు పుస్తకం పెడితే దాన్ని తలకిందులుగా పట్టుకున్నా ఆమెకు తెలవదు.

ఆ బడి కపాట్‌లో రెండు పెట్టెల తెలుగు పుస్తకాలు ఉండె. పేటలో ముసలోళ్లు పోయినప్పుడు ఇంటోళ్లు తెచ్చి ఇచ్చినవి, మూతపడ్డ పాత వాచనాలయం నుంచి వచ్చినవి. తనిఖీకి మనిషి వచ్చిండు. మరాఠీ పుస్తకాలు లెక్కకు దొరికినయ్. తెలుగువి రిజిస్టర్‌లో లేవు. రాయాలంటే పేరు చదవాలె, చదివే మనిషి బడిలో లేడు. రిజిస్టర్‌లో లేనిది బడిలో లేనట్టే లెక్క. మరి ఉన్నవాటిని ఏం చేయాలె? రద్దీ వాడికి కిలో లెక్కన వేద్దామన్నరు. వాళ్ల తప్పని మేము అనం. నంబరు లేని సరుకు గోదాంలో ఉంటే మేమైనా అదే అడుగుతం, ఇది ఎవరిది, ఎందుకున్నది అని.

అక్కడ పనిచేసే అటెండరు మన పిల్లోడే. సాయంత్రం వచ్చి, "మామా, తెలుగు పుస్తకాలు రద్దీలో పోతున్నయ్, ఒకసారి చూస్తరా" అన్నడు. మేము, సంఘంలో లెక్కలు రాసే తమ్ముడు, తెలుగు చదవడం వచ్చిన ఇంకో ఇద్దరు పెద్దమనుషులు కలిసి పోయినం. హెడ్మాస్టరు గురూజీ మంచాయన. "మీరు చదివి రాసిస్తే ఉంచుకుంటం" అన్నరు. ఆదివారం ఆదివారం కూర్చున్నం. తెలుగువి రాస్తుంటే తెలిసింది, మరాఠీ పుస్తకాలదీ అంత మంచి స్థితి కాదని. పెద్ద పుస్తకాలు ఒక దిక్కు, చిన్నవి ఒక దిక్కు, ఎత్తును బట్టి సర్దిండ్రు. చూడడానికి ముచ్చటగా ఉంటది, వెతకడానికి పనికిరాదు. కపాట్‌కు తాళం, తాళంచెవి ఆఫీసులో. అందుకని మొత్తం గ్రంథాలయాన్నే ముందరేసుకున్నం.

మేము చదివింది ఎనిమిదో తరగతి. గ్రంథాలయ శాస్త్రం మాకేం తెలుసు అని కొందరు నవ్విన్రు. చీటీ విలువ నేతగాడికి తెలిసినంత ఎవరికి తెలుసు చెప్పండి? నూలు కట్ట మీద నంబరు చీటీ లేకపోతే ఇరవై ఏది, నలభై ఏది? 840 గజాలు ఒక చిలప. పౌనుకు ఎన్ని చిలపలు తూగితే అది ఆ నంబరు నూలు. ఆ ఒక్క అంకె చూసి పన్నె ఏది పెట్టాలో, ధర ఎంతో చెప్తం. రంగు లాటు చీటీ ఊడిపోయిందా, ఒకే చద్దర్‌లో రెండు ఎరుపులు పడతయ్. షోలాపూర్ చద్దర్‌కు జీఐ గుర్తు తెచ్చుకున్నది ఎందుకు? వేరే ఊళ్లలో చేసి మన పేరు చెప్పి అమ్ముతున్నరనే గదా. 2006 నుంచి హ్యాండ్లూమ్ మార్క్ కుట్టుకుంటున్నదీ అందుకే. వీపు మీద చీటీ లేని పుస్తకం కూడ అట్లాంటి అనాథ సరుకే.

లోకంలో పుస్తకాలకు నంబర్లు వేసే పద్ధతి ఎక్కువగా అమెరికాకు చెందిన మెల్విల్ డ్యూయీది. 1876లో పెట్టిండు. జ్ఞానమంతటినీ పది భాగాలు చేసి, ఒక్కొక్కదాన్ని మళ్లీ పది చేసుకుంటూ పోయిండు. 500 అంటే సైన్సు, 900 చరిత్ర, భూగోళం, 800 సాహిత్యం. బడికి మూడంకెలు చాలు, చుక్క తర్వాతి అంకెలు అన్నిటికీ అక్కర్లేదు. కానీ ఆ పద్ధతిలో ఒక తకరారు ఉన్నది. సాహిత్యంలో ముందు అరలన్నీ ఇంగ్లీషు, జర్మను, ఫ్రెంచి వంటి భాషలకు పంచి, మిగిలిన లోకమంతటినీ 890 అనే ఒక్క మూలలో కుక్కిండు. మరాఠీ 891.46. తెలుగు 894.827. మన ఇండ్లలో ఒకే వాకిట్లో ఆడుకునే రెండు భాషలు అక్కడ దూరం దూరం.

మన దేశంలో ఎస్.ఆర్. రంగనాథన్ అనే మద్రాసు లెక్కల మాస్టారు దీనికి వేరే దారి ఆలోచించిండు. లండన్‌లో ఒక దుకాణంలో ముక్కలు జోడించే ఆటవస్తువు చూసి ఆయనకు ఆలోచన తట్టిందట. 1933లో కోలన్ పద్ధతి అచ్చువేసిండు. అంతకు ముందే, 1931లో, గ్రంథాలయానికి ఐదు సూత్రాలు చెప్పిండు. పుస్తకాలు వాడుకోవడానికే అన్నది మొదటిది. ప్రతి చదువరికీ అతని పుస్తకం, ప్రతి పుస్తకానికీ దాని చదువరి అన్నవి తర్వాతి రెండు. ఆ మూడో సూత్రం మాకు గట్టిగా పట్టుకున్నది. రెండు పెట్టెల తెలుగు పుస్తకాలకు చదువరి ఎవరు? దాని జవాబు కాసేపట్లో చెప్తం.

కోలన్ పద్ధతి మా తలకు ఎక్కే పని కాదు. డ్యూయీ నంబరే తీసుకొని మాకు కావలసిన మార్పు చేసుకున్నం. మొదలు భాష, తర్వాత నంబరు. మరాఠీ అరలు, తెలుగు అరలు, ఇంగ్లీషు అర. తెలుగు కథను ఎవరో మరాఠీ చేస్తే, పుస్తకాల శాస్త్రం ప్రకారం అది తెలుగు నంబరులోనే ఉండాలట. మేము మరాఠీలో పెట్టినం. చదివే పిల్ల ఏ భాషలో చదువుతదో అక్కడ ఉండాలె గాని, పుట్టిన ఊరు చూసి పెడితే ఎట్ల?

మగ్గం పుస్తకాల కాడ మంచి పంచాయితీ నడిచింది. డ్యూయీలో మన పని రెండు చోట్ల ఉన్నది. జవుళి తయారీ 677, చేతినేత కళ 746. తమ్ముడు 746 అన్నడు, "మనది కళ గదా అన్నా" అని. మేము 677 అన్నం. కళ అని దండలు వేసి ధర అడిగితే మొహం తిప్పుకునేటోళ్లను శానా మందిని చూసినం. ఇది అన్నం పెట్టే పని, తయారీల కిందనే ఉండనీ. చివరికి మా మాటే చెల్లింది. చిత్రపటాల పుస్తకం ఒకటి మాత్రం తమ్ముడి కోసం 746లో వదిలినం.

డాక్టర్ లక్ష్మీనారాయణ బొల్లి గారి పేరు మీకందరికీ తెలుసు. మన షోలాపూర్ మనిషి, తెలుగింటి బిడ్డ, మరాఠీలో కవి. ఆయన జీవితకథ "ఏకా సాళియానే" మరాఠీ పుస్తకం. సాహిత్యంలో పెట్టాల్నా, జీవితచరిత్రల్లో పెట్టాల్నా? జీవితచరిత్రల్లో పెట్టినం, అదీ పిల్లల కంటి ఎత్తుకు. సాలె ఇంట్లో పుట్టిన పిల్లకు తాను చదవగలిగే లిపిలోనే తన ఇంటి సంగతి దొరుకుతుంటే దాన్ని పై అరలో దాచిపెట్టడం ఎందుకు?

ఇప్పుడు చీటీ సంగతి. ముందర దాఖలా రిజిస్టరు. ప్రతి పుస్తకానికి ఒక వరుస నంబరు. దాన్ని లోపలి మొదటి పేజీలో, చివరి పేజీలో, ఇంకా బడి ఎంచుకున్న ఒక లోపలి పేజీలో రాయాలె. అట్ట చిరిగినా, ఎవరన్నా మొదటి పేజీ చించినా ఆ పుస్తకం బడిదని తెలుస్తది. ఆ పేజీ ఏదో ఇక్కడ చెప్పం, పోరగాళ్లు వింటున్నరు.

తర్వాత వీపు చీటీ. కింది అంచు నుంచి అంగుళంన్నర పైన. అట్టముక్కను కొలతకు కోసి, దాన్ని ఆనించి అంటించినం. అన్నీ ఒకే ఎత్తులో ఉంటే అర మొత్తం చీర అంచులాగా కనబడతది, ఒక్కటి తప్పినా కన్ను పట్టేస్తది. చీటీ మీద మొదటి వరుసలో నంబరు, రెండో వరుసలో రచయిత ఇంటిపేరు మొదటి అక్షరాలు. మరాఠీలో ఇంటిపేరు చివర వస్తది, తెలుగులో ముందర వస్తది. వట్టికోట ఆళ్వారుస్వామి అంటే "వట్టి" ముందు తీసుకోవాలె. సానే గురూజీ అంటే "సానే". ఇది తెలవనోళ్లు ఆళ్వారుస్వామిని "ఆళ్వా" అని రాస్తే ఆయన పుస్తకాలు రెండు చోట్ల పడతయ్.

తెలుగు పుస్తకాలకు మూడో వరుస కూడ పెట్టినం. పుస్తకం పేరు మరాఠీ లిపిలో. మా పనిలో అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే. కొందరు పెద్దలకు నచ్చలేదు. "తెలుగు పుస్తకానికి మరాఠీ అక్షరాలెందుకు, సిగ్గుచేటు" అన్నరు. వాళ్ల బాధ అర్థమైతది. కానీ తెలుగు అక్షరమే పెట్టి గౌరవంగా తాళం వేస్తే, ఇంకో పదేళ్లకు మళ్లీ రద్దీ వాడే వస్తడు. ఇబ్బంది ఏమంటే మరాఠీలో మన కురచ ఎ, కురచ ఒ లేవు. "గొర్రె" రాస్తే "గోర్రే" అయితది. భయపడ్డం గాని, పిల్లలు ఒకసారి చూసి సరిగ్గనే పలికిన్రు. మాట వాళ్ల నోట్లో ముందే ఉన్నది గదా, అక్షరం కొంచెం సాయం పడితే చాలు.

జిగురు గురించి. మైదా ఉడికించి అంటిద్దామన్నరు, చవక. గంజి పెట్టిన పడుగును ఎలుక, పురుగు ఎట్ల పట్టుకుంటయో మనకు తెలుసు. పుస్తకానికీ అంతే. పాతకాలం బైండింగు వాళ్లు జిగురులో మైలుతుత్తం కలిపేటోళ్లు, అది విషం, చిన్నపిల్లల చేతుల్లో పెట్టే వస్తువుకు వద్దు. బజారులో దొరికే అంటుడు స్టిక్కర్లు చూసినం, మా ఊరి ఎండకు ఎండిపోయి రాలిపోతయ్. గట్టి కాగితం, మంచి గమ్ము, పైన పారదర్శకమైన టేపు చుట్టూ తిప్పి వేసినం.

చదవడం రాని చిన్న క్లాసుల కోసం రంగులు. రంగు కాగితం ఎండకు వెలిసిపోతది. అందుకని మా సంఘంలో మిగిలిన పక్కా రంగు నూలు మూడు పోగులు తీసి టేపు కింద పరిచినం. కథలకు పసుపు, సైన్సుకు నీలం, చరిత్రకు ఎరుపు, పాటలకు ఆకుపచ్చ. ఎరుపు, ఆకుపచ్చ తేడా పట్టలేని పిల్లలు కొందరు ఉంటరు. రంగుల ఖార్ఖానాలో మనం అట్లాంటి మగోళ్లను చూసినం గదా. అందుకే రంగు ఉన్నా నంబరు తప్పదు.

అంటించింది ఎవరనుకుంటున్నరు? బీడీలు చుట్టే మా అక్కలు. ఆకు కత్తిరించి, పొడి పోసి, చుట్టి, దారం కట్టే వేళ్లు అవి. మేము నలుగురం పొద్దంతా చేసిన పనిని వాళ్లు ఒక పూటలో చేసిన్రు. ఒక అక్కకు అక్షరం రాదు. అయినా వంకర చీటీ ఒక్కటి ఉంచలేదు, పీకి మళ్లీ అంటించింది.

అరల సంగతి తొందరగా చెప్తం. ఎడమ నుంచి కుడికి, ఒక అర నిండినాక కింది అరకు రావాలె. గోడ పొడుగునా ఒకే వరుస పట్టుకొని పోవద్దు, పిల్ల నడిచి నడిచి అలిసిపోతది. ప్రతి అరలో నాలుగో వంతు ఖాళీ వదలాలె, లేకపోతే కొత్త పుస్తకం ఒకటి వస్తే కింది దాకా అన్నీ జరపాలె. ఒరిగిపోకుండా ఇటుకకు చద్దర్ ముక్క కుట్టి ఆనించినం. పదహారు, ఇరవై పేజీల బొమ్మల కథలకు వీపే ఉండదు. వాటికి చీటీ ముందు అట్ట కింది మూల. వాటిని నిలబెట్టలేం కాబట్టి, అంచు తప్పి అమ్ముడుపోని టవల్ గుడ్డతో జేబులు కుట్టి గోడకు వేలాడదీసినం. అట్ట ముఖం బయటికి కనబడుతది. చిన్న పిల్లలు మొదలు పరుగెత్తేది ఆ జేబుల కాడికే.

తాళం తీయించడానికే ఎక్కువ రోజులు పట్టింది. పుస్తకాలు పోతే ఎవరు జవాబుదారీ అని గురూజీలు అడిగిన్రు. సరైన ప్రశ్నే. రిజిస్టర్‌లో నంబరు ఉంటే పోయింది ఏదో తెలుస్తది, తెలిస్తే పిల్లల్ని అడగొచ్చు, లేకుంటే సంఘం కొనిస్తదని కాగితం రాసిచ్చినం. కపాట్ తలుపులు ఊడదీసి పక్కన పెట్టినం.

ఇంతకూ తెలుగు పుస్తకాల చదువరి ఎవరంటే, బడిలో లేడు, ఇంట్లో ఉన్నడు. మగ్గం దిగిన తాతలు, తెలుగు చదువుకున్న అమ్మమ్మలు. వాళ్లకు బడి దాకా నడిచే కాళ్లు లేవు, బడిలో వాళ్ల పేరున కార్డు లేదు. పిల్లలకు కార్డు ఉన్నది, తెలుగు అక్షరం రాదు. మూడో వరుసలో మరాఠీ లిపి పెట్టినాక పిల్ల పేరు చదివి, ఇంటికి పోయి "తాతా, ఫలానా పుస్తకం ఉన్నదట, కావాల్నా" అని అడుగుతది. తాత అవునంటే తన కార్డు మీద తెస్తది. పిల్లల కార్డు మీద పెద్దోళ్లు చదవొచ్చా అని కమిటీలో చర్చ జరిగింది. రాసి ఉన్న నియమాల్లో వద్దని ఎక్కడా లేదు. ఒప్పుకున్నరు. నాడె లాగా ఆ పుస్తకం ఇంటికీ బడికీ తిరుగుతున్నది.

చందమామ కట్టల గురించి చెప్పకపోతే ఇంటికి పోయినాక మా ఇంట్ల ఒప్పుకోరు. 1947 జులైలో చందమామ తెలుగులో, తమిళంలో మొదలైంది. తర్వాత మరాఠీలో "చాందోబా" పేరుతో వచ్చింది. పెట్టెల్లో పాత చందమామలు దొరికినయ్, మరాఠీ దిక్కు చాందోబాలు ఉండె. పత్రికలు భాషల వారీగా వేరు వేరు పెట్టాలని తమ్ముడు పట్టుబట్టిండు. మేము రెండూ పక్కపక్కన పెట్టించినం. ఒక అయిదో తరగతి పిల్ల చాందోబా చదువుతూ, పక్క చందమామలో అదే రాజు బొమ్మ చూసి ఆగిపోయింది. రెండూ తెరిచి ఒడిలో పెట్టుకొని, ఇక్కడ చదివింది అక్కడ వేలు పెట్టి వెతుక్కుంటూ కూర్చున్నది. వారం తిరిగేసరికి పది, పన్నెండు తెలుగు అక్షరాలు పట్టింది. ఎవరూ నేర్పలేదు. వాళ్ల అమ్మమ్మ బీడీలు చుట్టుకుంటనే మిగతావి చెప్తున్నదట.

ఈ పని మనతో మొదలు కాలేదు. మన పెద్దలు వదిలి వచ్చిన వరంగల్ దిక్కు, హనుమకొండలో 1904లోనే రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయం పెట్టిన్రు. నిజాం రాజ్యంలో తెలుగుకు చోటు దొరకడం కష్టమైన కాలం అది. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకొని ఊరూరా తిరిగి అమ్మిండు. పుస్తకం మనిషి దగ్గరికి నడిచిపోవాలని వాళ్లకు ఎప్పుడో తెలుసు. మా పేటలో ఆ మోసే పని పిల్లలు చేస్తున్నరు.

పుస్తకాలు దానం చేసేటోళ్లకు ఒక్క మాట. పోయిన ఏటి గైడ్లు, పరీక్ష పేపర్లు, పెండ్లి పత్రికలు, చెదలు పట్టిన సంచి పంపకండి. వేరు చేయడానికే ఆదివారాలు పోతున్నయ్. మీ ఇంట్ల పాత తెలుగు పుస్తకం ఉంటే, పెద్దోళ్లు బతికి ఉన్నప్పుడే కూర్చోబెట్టి పేరు, రాసినాయన ఇంటిపేరు ఒక కాగితం మీద రాయించి లోపల పెట్టి ఇవ్వండి. అట్ట ఊడిన పుస్తకం ఏదో కనుక్కోవడానికి మేము ఒక్కోసారి ముగ్గురు ముసలోళ్ల ఇండ్లకు తిరిగినం.

భివండి, సూరత్ అన్నదమ్ములు అట్ట కొలతముక్క, చీటీ నమూనా అడిగిన్రు. మా తమ్ముడు గేటు కాడ టేబుల్ మీద పెట్టిండు, ఫోటో తీసుకోండి. సూరత్ వాళ్లు మూడో వరుస గుజరాతీ లిపిలో రాసుకోవాల్సి ఉంటది.

మా కాడ పని ఇంకా మిగిలింది. అదే కపాట్ కింద ఒక పెట్టె కన్నడ పుస్తకాలు, ఒక చిన్న కట్ట ఉర్దూవి ఉన్నయ్. కన్నడ అక్షరం మన తెలుగుకు దగ్గరే, తంటాలు పడి చదువుతున్నం. ఉర్దూ మాత్రం మాలో ఎవరికీ రాదు. పక్క మొహల్లాలో ఒక రిటైరయిన మాస్టారును అడిగినం, రంజాన్ అయినాక వస్తమన్నరు. వచ్చే ఆదివారం పొద్దున తొమ్మిదికి కన్నడ పెట్టె విప్పుతం. కన్నడ చదవడం వచ్చినోళ్లు ఉంటే రండి. కత్తెర, స్కేలు తెచ్చుకోండి, గమ్ము మా దగ్గర ఉన్నది, నూలు కూడ ఉన్నది.